చూపు జారిన చోటు

సంచిముక్కు చచ్చిపోయే చోట పిల్లలు మొహం తిప్పేసుకుంటున్నారు. ఆ సంగతి ముందుగా పసిగట్టింది ఉదయశ్రీ కాదు, ఆమె తయారుచేసిన కనుపాప అనే యంత్రం.

సంచిముక్కు ఒక గూడబాతు, ముక్కు కింద సంచి వేలాడే పక్షి. భీమిలిలో ఉండే జోగమాంబగారు నలభయ్యేళ్ళ కిందట రాసిన పిల్లల పుస్తకానికి వాడే నాయకుడు. శీతాకాలంలో గుంపుతో కలిసి వలస వస్తాడు, రెక్క విరుగుతుంది, ఎండలు రాగానే గుంపు వెళ్ళిపోతుంది, వాడొక్కడూ చెరువు దగ్గర మిగిలిపోతాడు. గవిరి అనే పిల్ల వాడికి రోజూ చేపలు పట్టి తెచ్చి పెడుతుంది. ఏడో అధ్యాయంలో తొలకరి వానకి తడిసి, వణికి వణికి, వాడు చచ్చిపోతాడు. గవిరి తన తువ్వాలు తెచ్చి కప్పుతుంది. ఎనిమిదో అధ్యాయంలో మళ్ళీ చలికాలం వస్తుంది, కొత్త గుంపు దిగుతుంది, గవిరి ఒడ్డున కూర్చుని చూస్తుంది కానీ ఏ పక్షికీ పేరు పెట్టదు. అంతే పుస్తకం. చిన్నప్పుడు అది చదివి ఒక పూట అన్నం మానేసిన రాయుడుగారే ఇప్పుడు దాన్ని బొమ్మల సినిమాగా తీస్తున్నారు.

ఋషికొండ మీద ఆ సినిమావాళ్ళ పరీక్ష గదిలో తెర ముందు మెత్త వేసి ఉంటుంది. దాని మీద ఒక పిల్లో పిల్లాడో కూర్చుంటారు. తెర నాలుగు మూలల్లో నువ్వుగింజంత కళ్ళు నాలుగు. పిల్లలు సినిమాని చూస్తుంటే సినిమా పిల్లల్ని చూస్తుంది. కంటిపాప ఎంత విప్పారింది, రెప్ప ఎప్పుడు పడింది, ఊపిరి ఎక్కడ ఆగింది, అన్నీ కనిపెడుతూ ఉంటుంది. విసుగు పుట్టేలోపే కథ మలుపు తిరుగుతుంది. కొత్త బొమ్మలూ మాటలూ పాటలూ అప్పటికప్పుడు పుట్టుకొస్తాయి. ఎవరి సినిమా వాళ్ళది. చూపు తెర మీంచి పక్కకి పోతే దాన్ని ఆ గదిలోవాళ్ళు జారుడు అంటారు. జారుడు ఉన్న చోట కథలో లోపం ఉన్నట్టు లెక్క.

ఆ రోజు పచ్చగౌను వేసుకున్న పిల్లొకతి మెత్త మీద కూర్చుంది. తెర మీద వాన పడుతోంది. సంచిముక్కు మెడ వాల్చేశాడు. పిల్ల చటుక్కున తల తిప్పేసుకుంది. పక్కగదిలో సత్తిబాబు ముందు, పిల్ల ధ్యాసని చూపించే గీత గోతిలో పడ్డట్టు కిందికి జారింది. ప్రోగ్రాం రాసేది ఈ సత్తిబాబే. మరుక్షణం తెర మీద వాన వెలిసింది. సంచిముక్కు గట్టిగా తుమ్మి లేచి కూర్చున్నాడు. ఆ తుమ్ముకి పిల్ల ఇటు తిరిగి కిలకిలా నవ్వింది. గీత పైకెక్కింది.

"బతికించేసింది మేడం!" అని సత్తిబాబు కుర్చీలోంచి లేచాడు. ఉదయశ్రీకి కూడా చప్పట్లు కొట్టాలనిపించింది.

పిల్లల వెనక కుర్చీల్లో తల్లులు కూర్చునేవారు. ఒంటరిగా కూర్చోమంటే పిల్లలు ఒప్పుకోరు కదా. అయితే తల్లి నవ్వితే పిల్లా నవ్వుతుంది, లెక్క చెడిపోతుంది. అందుకని తల్లులకి ముందే చెప్పేవారు, నవ్వొద్దు, నిట్టూర్చొద్దు, మొహంలో ఏమీ కనబడనివ్వొద్దు అని. సత్తిబాబు మరీ సూటిగా "గోడలా కూర్చోండమ్మా" అనేవాడు. ఆ నియమం పెట్టింది ఉదయశ్రీయే. గోడలా కూర్చోవడం ఆమెకి బాగా అలవాటైన పని.

నాలుగేళ్ళ కిందట ఆమె భర్త మధుమూర్తి ఆస్పత్రిలో పోయాడు. కొడుకు సాకేత్‌కి అప్పుడు నాలుగేళ్ళు నిండాయో లేదో. పిల్లాడు బెంబేలు పడిపోతాడని వాడి ఎదుట ఆమె కంటతడి పెట్టలేదు. అంత్యక్రియల రోజున కూడా వాడికి తల దువ్వి, పౌడరు రాసి, మామూలుగానే టిఫిన్ తినిపించింది. ఎంత గుండె నిబ్బరమో అని చుట్టాలు మెచ్చుకున్నారు. సాకేత్ కూడా ఏడవలేదు. కాకపోతే అప్పట్నుంచీ టీవీలో ఎవరైనా మంచం మీద పడుకుని దగ్గితే చాలు, లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయేవాడు. కుక్కపిల్లకి జ్వరం వచ్చిన కార్టూను వస్తే కూడా అంతే. వాడు లేచి వెళ్ళక్కర్లేని సినిమా ఈ లోకంలో ఒక్కటైనా ఉండాలని ఆమెకి పట్టుదల పుట్టింది. కనుపాప పుట్టింది అందులోంచే. సభల్లో అడిగినవాళ్ళకి మాత్రం వేరే కారణాలు చెప్పేది.

మార్చిన సినిమా రచయిత్రికి ఒకసారి చూపించడం మర్యాద. ఉదయశ్రీ తెర పట్టుకుని భీమిలి వెళ్ళింది. జోగమాంబగారు జంతికల పళ్ళెం ముందు పెట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుని, మొదట్నుంచీ చివరిదాకా కళ్ళార్పకుండా చూసింది. ఆవిడకి బ్రహ్మాండంగా నచ్చిందని కనుపాప తేల్చింది. నిజానికి ఆవిడ కోపంతో కళ్ళార్పలేదు.

"వాడు తుమ్మి లేవడం ఏవిటమ్మాయ్?"

"ఏడో అధ్యాయం పిల్లలకి నచ్చడం లేదు మామ్మగారూ. ఒక్కరికంటే ఒక్కరికి కూడా. కళ్ళు చెప్తున్నాయి."

"నచ్చదు. రాసినప్పుడు నాకూ నచ్చలేదు. రెండ్రోజులు అన్నం సయించలేదు."

"మరి పిల్లల సినిమా పిల్లలకి నచ్చకపోతే ఇంకెవరికి నచ్చాలండీ? పెద్దవాళ్ళు ఆహా ఓహో అని, పిల్లలు పారిపోయే సినిమాలు మనకి బోలెడున్నాయి."

ఆ మాటకి జోగమాంబగారు నవ్వేసింది. "నిజమే. ఆ నీతులు చెప్పే సినిమాలకంటే నీ తుమ్ముల బాతే నయం. కానీ నచ్చడం అంటే ఏవిటో నాకు ఇప్పటికీ తెలీదమ్మా. ఓసారి బస్సులో ఓ పిల్ల నన్ను గుర్తుపట్టి, వాణ్ణెందుకు చంపేశావని అందరి ముందూ దులిపేసింది. దిగేటప్పుడు మళ్ళీ తనే నా సంచీ అందుకుని గుమ్మందాకా మోసింది. దానికి నా పుస్తకం నచ్చినట్టా, నచ్చనట్టా? నీ యంత్రం ఏవంటుంది?"

ఉదయశ్రీ జంతిక కొరికింది. రాసినవాళ్ళకి తమ రాత మీద మమకారం ఉంటుందిలే అనుకుంది.

"హక్కులు రాసిచ్చేశాను, ఇహ మీ ఇష్టం," అంది జోగమాంబగారు ఆమెని సాగనంపుతూ. "నా పేరు మాత్రం చిన్నక్షరాల్లో వెయ్యమని చెప్పు."

సినిమా విడుదలకి ముందు కొన్ని బళ్ళలో చదివే పిల్లల ఇళ్ళకి తెరలు ఇచ్చి చూపించారు. సాకేత్ చదివే బడి కూడా అందులో ఉంది. ఆదివారం పొద్దున్న తల్లీ కొడుకూ సోఫాలో పక్కపక్కన కూర్చున్నారు. ఉదయశ్రీకి తెర మీద ధ్యాస లేదు. వాడు లేస్తాడా లేవడా అన్నదే ఆమె బెంగ. ఏడో అధ్యాయంలో వాన మొదలైంది. వాడి చూపు ఒక్కసారి జారింది. ఆమె ఊపిరి బిగబట్టి, మొహంలో ఏ మార్పూ రాకుండా కూర్చుంది. అంతలో కనుపాప సర్దుకుంది. ఎక్కణ్ణుంచో ఒక కంసాలి వచ్చి సంచిముక్కుకి రేకు రెక్క బిగించాడు. వాడు రివ్వున ఎగిరి గుంపుని కలుసుకున్నాడు. సాకేత్ చివరిదాకా కదల్లేదు. అయిపోయాక "బాగుంది" అని, నీళ్ళు తాగి, ఆడుకోవడానికి వెళ్ళిపోయాడు. వంటింట్లోకి వెళ్ళి ఉదయశ్రీ ఆనందంతో పిచ్చిదానిలా తనలో తనే నవ్వుకుంది. మధుమూర్తి ఉంటే ఫోను చేసి చెప్పేదాన్ని కదా అనుకుంది.

ఆ సంతోషం వారమైనా నిలవలేదు. బడి నుంచి ఫోనొచ్చింది, మీవాడు ఒకమ్మాయిని తోసేశాడు, ఒకసారి రండి అని.

హిమజ అనే ఆ పిల్ల పెదవి వాచి, ఐసుముక్క అద్దుకుంటూ బెంచీ మీద కూర్చుని ఉంది. సాకేత్ తల వంచుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాడు. క్లాసు టీచరు గ్రేసమ్మగారు ఉదయశ్రీని వరండాలోకి తీసుకెళ్ళారు.

"ఇంటర్వెల్లో సంచిముక్కు ఆట ఆడదామనుకుంటారండీ, ఒక్కరోజూ సాగదు. ఒకడి బాతు రాకెట్టెక్కింది, ఇంకొకడిది చేపలకొట్టు పెట్టింది, ఒకమ్మాయిది ఏకంగా మహారాణి అయి కూచుంది. నాదే నిజమని ప్రతివాడూ అంటాడు. క్లాసులో ఎంతమంది ఉన్నారో అన్ని బాతులు. కలిసి ఆడుకోడానికి ఒక్క కథ లేదండీ వీళ్ళకి."

"మరి ఆ అమ్మాయిని ఎందుకు తోశాడు?"

"హిమజ వాళ్ళింట్లో మీ తెర లేదు. లైబ్రరీలో పుస్తకం చదివి వచ్చింది. వాడు చచ్చిపోయాడు అంది. అంతే, అంతవరకూ కొట్టుకు చస్తున్నవాళ్ళంతా ఒక్కటైపోయి, అబద్ధాలకోరని దాని మీద పడ్డారు. చచ్చిపోలేదని చెప్పు, చెప్పు అంటూ మీవాడు తోసేశాడు. ఆ పిల్ల మాత్రం చెప్పలేదండీ. పెదవి చిట్లినా చెప్పలేదు."

ఉదయశ్రీ హిమజకి క్షమాపణ చెప్పింది. సాకేత్ చేత చెప్పించింది. వాడు చెప్పాడు గానీ నోటితో చెప్పాడు. ఇద్దరూ బీచ్ రోడ్డు వెంట ఇంటికి నడుస్తుండగా వాడే అందుకున్నాడు.

"హిమజ అబద్ధమే కదమ్మా చెప్పింది?"

అవునని తేల్చేస్తే ఆ పూటకి గొడవ తీరిపోయేది. ఆమెకి నోరు రాలేదు. "లేదు కన్నా. పుస్తకంలో వాడు చచ్చిపోతాడు."

"మరి నా దాంట్లో?"

"నీకది నచ్చలేదని కనుపాప మార్చేసింది. నువ్వు చూపు తిప్పేసుకున్నావు కదా."

"నేనేం తిప్పుకోలేదు."

"తిప్పుకున్నావు నాన్నా. పక్కనే ఉన్నాను, చూశాను."

"నిన్ను చూశాను," అన్నాడు వాడు, ఇంత చిన్న విషయం ఈవిడకి తెలీదేమిటన్నట్టు. "నువ్వు ఏడుస్తున్నావేమో అని చూశాను. నువ్వు ఏడిస్తే నేనూ ఏడుద్దామని. నువ్వేం ఏడవలేదు. అయితే ఏం కాలేదు కాబోలు అనుకున్నా." నాలుగడుగులు వేసి మళ్ళీ అన్నాడు, "నాన్నప్పుడు కూడా నువ్వు ఏడవలేదు కదా. నేను చూశాను."

ఉదయశ్రీ రోడ్డు పక్క గట్టు మీద కూలబడింది. తను గొప్పగా కాపాడుకొచ్చాననుకున్న పిల్లాడు, ఇన్నాళ్ళూ తన మొహం కేసి చూసి, అక్కడ ఏమీ దొరక్క, ఒంటరిగా వెనక్కి వెళ్ళిపోతూ ఉన్నాడన్నమాట. ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది. వాడి చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుంది. అప్పుడైనా ఏడ్చిందా అంటే, లేదు. అలవాటు అంత తొందరగా వదుల్తుందా?

మర్నాడు ఉదయశ్రీ, సత్తిబాబు పరీక్షల వీడియోలన్నీ తీసి ముందేసుకున్నారు. తెరలోని కళ్ళు పిల్లల్ని చూడ్డానికే పెట్టినవైనా, వెనక కుర్చీల్లో ఉన్న తల్లులు కూడా మసకమసగ్గా పడ్డారు. ఇన్నాళ్ళూ ఆ మసక కేసి ఎవరూ చూసిన పాపాన పోలేదు. చూపు తెర మీంచి పోయిందా లేదా అని కొలిచారే తప్ప, పోయి ఎక్కడ వాలిందో ఒక్కరూ అడగలేదు. ఇప్పుడు చూస్తే, ఏడో అధ్యాయంలో ప్రతి మెడా ఒకే వైపు తిరిగింది. వెనక్కి, తల్లి కేసి. పచ్చగౌను పిల్ల కూడా అంతే. ఆ తల్లులంతా చెప్పినమాట జవదాటకుండా గోడల్లా కూర్చున్నారు. ఒకావిడైతే వణుకుతున్న పెదవిని పళ్ళతో నొక్కిపెట్టుకుంది.

"మా పాప ఉందండి ఇందులో," అన్నాడు సత్తిబాబు. "మా ఆవిడకి గోడలా కూర్చోమని నేనే చెప్పానండి మేడం."

ఆ నియమం ఎత్తేసి మళ్ళీ పరీక్ష పెట్టారు. కనుపాప కొలుస్తుంది గానీ దేన్నీ మార్చదు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు. తల్లులు పిల్లల పక్కన, వాళ్ళకెలా తోస్తే అలా కూర్చోవచ్చు. వాన పడింది, సంచిముక్కు చచ్చిపోయాడు. ఒక పిల్లాడు కోపం పట్టలేక మెత్త తీసి తెర మీదికి విసిరాడు. పచ్చగౌను పిల్ల తల్లి ఒళ్ళోకెక్కి, ముక్కు చీదుకుంటూ ఒంటికన్నుతో చూసింది. గీత అడుక్కి పోయి మళ్ళీ లేవలేదు. బాగుందా అంటే బాగాలేదన్నారు. మళ్ళీ చూస్తారా అంటే చూడం అన్నారు. అయితే ఒక్కరూ గదిలోంచి లేచి వెళ్ళలేదు. తర్వాత మెట్లు దిగుతూ తల్లుల్ని ప్రశ్నలతో చంపుకు తింటున్నారు, గవిరి ఇప్పుడేం చేస్తుంది, వాడి గుంపుకి ఈ సంగతి తెలుసా, వచ్చే ఏడు వాణ్ణి వెతుకుతారా అని.

రాయుడుగారు కాకినాడ నుంచి వచ్చి ఆ గీత చూసి తల పట్టుకున్నారు. "ఇదేంటండీ బాబూ, ఒక్కరికీ నచ్చలేదు కదండీ."

"నచ్చలేదండీ."

"నచ్చకపోతే ఎవరు చూస్తారండీ మరి?"

"మీకు నచ్చిందా, చిన్నప్పుడు?"

రాయుడుగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఆ పూట అన్నం తిననన్నానండీ. మా అమ్మ బతిమాలి బతిమాలి, చివరికి పుస్తకం లాక్కుని తనూ చదివింది. చదివి నా పక్కన కూచుందండీ. తనూ తినలేదు. ఇద్దరం అలా ఉండిపోయామండీ. నచ్చిందో లేదో చెప్పలేను గానీ, మా అమ్మ అలా కూచోడం నాకు ఆ ఒక్కసారే గుర్తండీ," అన్నారు.

"ఆ చోటుని నా యంత్రం తీసేస్తోందండీ. నచ్చని ముక్క అనుకుని తీసేస్తోంది. సినిమా మొత్తంలో కనుపాప వద్దు. పిల్లలందరికీ ఒక్కటే బాతు."

"అది లేకపోతే ఇది మామూలు బొమ్మల సినిమా అండీ. దాన్ని చూసే కదా డబ్బు పెట్టేవాళ్ళంతా ముందుకొచ్చింది. మీ కష్టమంతా బూడిదలో పోసినట్టవుద్ది, ఆలోచించుకోండి."

"ఆలోచించుకున్నానండీ," అంది ఉదయశ్రీ. అలా అందే గానీ, ఆ రోజంతా ఆమెకి ముద్ద మింగుడు పడలేదు.

రాయుడుగారు అన్నట్టే అయింది. ముందుకొచ్చినవాళ్ళు వెనక్కి తగ్గారు. పరీక్ష గది మూతపడింది. కనుపాపని ఒక చాక్లెట్ల కంపెనీ తీసుకుని ప్రకటనల్లో పెట్టుకుంది. ఇప్పుడు అది పిల్లల చూపు జారకుండా చాక్లెట్లు చూపిస్తోంది. సత్తిబాబు కూడా దాంతోపాటే వెళ్ళాడు. "ఇల్లు గడవాలి కదండి మేడం," అంటూ మొహం చాటేస్తే, "తప్పేముంది సత్తిబాబూ" అని తనే ఓదార్చి పంపింది. ఆ చాక్లెట్ల ప్రకటన మొదటిసారి కంటపడ్డ రోజు మాత్రం ఆమె తెర ఆపేసింది. ఆ నువ్వుగింజంత కళ్ళు తన చేత్తో అమర్చినవి.

సినిమా తొలకరి రోజుల్లోనే విడుదలైంది. విశాఖపట్నంలో ఉదయం ఆట. హాలు సగమే నిండింది. నిండిన సగంలో కూడా పాప్‌కార్న్ గోల, బాత్రూమ్ గోల. సాకేత్ రెండు వరసల అవతల హిమజని చూసి చెయ్యి ఊపాడు. ఊపనా వద్దా అని ఆలోచించి, ఆ పిల్లా ఊపింది.

ఏడో అధ్యాయం వచ్చింది. చెరువు మీద వాన పడుతోంది. సంచిముక్కు వణుకుతూ గట్టు పక్కకి చేరాడు. గవిరి పరిగెత్తుకొచ్చేసరికే మెడ వాలిపోయింది. ఆ పిల్ల కాసేపు అలా చూసి, భుజం మీది తువ్వాలు తీసి, వాన నీళ్ళు పిండి, వాడి మీద కప్పింది. హాల్లో గోల ఆగిపోయింది. తెర వెలుగులో ఉదయశ్రీకి చిన్నచిన్న తలలు ఒకటొకటే తిరగడం కనిపించింది. పక్కకి, వెనక్కి, పైకి, అమ్మల కేసి, నాన్నల కేసి, తీసుకొచ్చిన పిన్నుల కేసి. ఆ క్షణాన హాల్లో ఏ పిల్లా సినిమా చూడ్డం లేదు.

సాకేత్ కూడా తిరిగాడు.

ఉదయశ్రీ పెదవి బిగుసుకోబోయింది. నాలుగేళ్ళుగా బిగుస్తున్న పెదవి, దానంతటదే బిగుసుకుంటుంది. ఈసారి ఆమె దాన్ని ఆపింది. ఆపగానే ఇన్నాళ్ళదీ ఒక్కసారిగా ముంచుకొచ్చింది. ముక్కూ కళ్ళూ ఏకమైపోయాయి. దాచుకోవాలనిపించినా, వాడి కేసే మొహం పెట్టి ఉంచింది. సాకేత్ చాలాసేపు చూశాడు. తర్వాత ఆమె చెవి దగ్గరికి జరిగాడు.

"నాన్నకి చలేసిందా?"

"తెలీదు కన్నా. అప్పుడు నేను పక్కన లేను."

"అక్కడ ఏసీ ఉంది కదా."

"ఉంది."

"దుప్పటి ఉందా?"

"ఉంది. బయటికి వచ్చేముందు నేనే కప్పాను. పాదాల దాకా కప్పాను."

"ఏ రంగుది?"

"నీలం రంగుది," అంది ఉదయశ్రీ.

సాకేత్ తలూపాడు. అరచేత్తో తల్లి చెంప తుడిచి, ఆ తడి తన చొక్కాకి రాసుకుని, అప్పుడు ఏడవడం మొదలుపెట్టాడు.